ప్రసిద్ధ రచయిత తోటలోని నీడ గడియారం జాడ తీయడం ఎలా? అంచెలంచెలుగా ఒక సమగ్ర మార్గదర్శి

పెరట్లో లేదా పాత సామాన్ల దుకాణంలో ఒక నీడ గడియారం కనబడిందని, అది ఫలానా రచయిత ఇంటిదని చెబుతున్నారని, ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చే దారి చెప్పమని కొందరు పాఠకులు అడుగుతున్నారు. రచయిత ఉత్తరాల్లో చదివిన గడియారం తర్వాత ఏమైందో వెతకాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలని మరికొందరు అడుగుతున్నారు. రెండు ప్రశ్నలకూ దారి ఒక్కటే. మొదటివారు వస్తువు నుంచి వెనక్కి నడవాలి, రెండోవారు రచయిత నుంచి ముందుకు నడవాలి.

పద్ధతి గాలిలో చెబితే చేతికి అందదు కాబట్టి ఒక నిజమైన ఉదాహరణను చివరిదాకా వెంట తీసుకువెళ్దాం. పంతొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్ ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, రోచెస్టర్ పట్టణానికి దగ్గరగా ఉన్న గాడ్స్ హిల్ ప్లేస్ అనే ఇంటిని 1856లో కొన్నాడు. ఆ ఇంటి వెనుక పచ్చికలో ఆయన నిలబెట్టించుకున్న నీడ గడియారమే మన ఉదాహరణ.

1. వెతకాల్సింది ఒక వస్తువును కాదు, మూడింటిని

తోటలో నిలబెట్టిన నీడ గడియారంలో మూడు భాగాలు ఉంటాయి. కింద రాతి స్తంభం, దాని మీద గంట గీతలు చెక్కిన లోహపు ఫలకం, ఫలకం మీద ఏటవాలుగా నిలిచి నీడను పరిచే శంకువు. ఈ మూడూ ఒకేచోట పుట్టనక్కరలేదు, ఒకే చేతికి చేరనూ అక్కరలేదు.

డికెన్స్ గడియారం సంగతి సరిగ్గా ఇదే. రోచెస్టర్‌లో మెడ్‌వే నది మీద కొత్త వంతెన 1856లో తెరుచుకున్నాక పాత రాతి వంతెనను కూల్చివేశారు. పాత వంతెన పిట్టగోడలోని ఒక రాతి కాలును గుత్తేదారులు డికెన్స్‌కు కానుకగా ఇచ్చారు. దాన్ని శిల్పితో చెక్కించి పచ్చికలో నిలబెట్టించానని, పైన పెట్టడానికి నీడ గడియారం ఒకటి పురమాయించానని ఆయన 1859 జూన్‌లో మిత్రుడు జాన్ ఫార్‌స్టర్‌కు రాశాడు. అంటే రాయి వంతెన నుంచి వచ్చింది, ఫలకం పనివాడి దగ్గర నుంచి విడిగా వచ్చింది.

కాబట్టి పని మొదలుపెట్టే ముందే పుస్తకంలో మూడు పేజీలు తీసి, ఒకదాని మీద రాయి, ఒకదాని మీద ఫలకం, ఒకదాని మీద శంకువు అని రాసుకోవాలి. దొరికిన ప్రతి ఆధారాన్నీ అది దేని గురించి చెబుతుందో ఆ పేజీలోనే ఎక్కించాలి. నేను చూసిన పొరపాట్లలో సగానికి సగం ఈ ఒక్క జాగ్రత్త లేకపోవడం వల్ల పుట్టినవే. రాయి దొరికితే గడియారం దొరికిందని రాసేస్తారు, ఫలకం ఎప్పుడు పోయిందన్న ప్రశ్న అక్కడే సమాధి అయిపోతుంది.

2. ముందుగా సమకూర్చుకోవలసినవి

– తేదీలవారీగా రాసుకునే పుస్తకం. ప్రతి ఆధారం పక్కన అది ఎక్కడ చూశారో, పేజీ సంఖ్యతో సహా ఉండాలి.
– రచయిత ఏ ఇంట్లో ఏ ఏళ్లలో ఉన్నాడో చూపే పట్టిక.
– ఆ ఇంటికి రచయిత తర్వాత యజమానులు ఎవరో చూపే మరో పట్టిక.
– వెతుకుడు మాటల జాబితా. ఆంగ్ల పత్రాల్లో సన్‌డయల్ అన్న మాటను కలిపి, విడదీసి, మధ్యలో గీత పెట్టి మూడు రకాలుగా రాశారు. కొన్నిచోట్ల ఉత్త డయల్ అనే ఉంటుంది. వేలం జాబితాల్లో ‘తోట అలంకారాలు’, ‘ఆరుబయటి సామాను’ అన్న శీర్షికల కింద దాగి ఉంటుంది. ఒక్క మాటతో వెతికి ఏమీ లేదనుకోవద్దు.
– టేపు, వెర్నియర్ కాలిపర్స్, చిన్న టార్చిలైటు, అయస్కాంతం, ఫోటోలో పక్కన పెట్టడానికి స్కేలు.

3. గడియారం వచ్చిన రోజును పట్టుకోండి

రచయిత నోటి మాటే మొదటి సాక్ష్యం. డికెన్స్ ఉత్తరాలను 12 సంపుటాలుగా ప్రచురించారు. 1859 నుంచి 1861 దాకా రాసినవి తొమ్మిదో సంపుటంలో ఉన్నాయి. ఫలకం సంగతి మళ్లీ వచ్చిందేమోనని ఫార్‌స్టర్‌కు రాసిన ఉత్తరం తర్వాతి నెలలను ఒక్కొక్క ఉత్తరం చొప్పున చదవాలి. విషయసూచికను మాత్రమే నమ్ముకుంటే, ఇంటి పనుల మధ్య ఒక వాక్యంలో దొర్లిన ప్రస్తావన తప్పిపోతుంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. 1860 సెప్టెంబరులో డికెన్స్ తనకు వచ్చిన ఉత్తరాలను గాడ్స్ హిల్ పెరట్లో కుప్పపోసి కాల్చేశాడు. ఫలకం చేసిన పనివాడు ఆయనకు ఏదైనా రాసి ఉంటే అది ఆ మంటలో పోయిందనే అనుకోవాలి. అందుకే ఆయనకు వచ్చిన ఉత్తరాల కోసం కాలం వృథా చేయకుండా, ఆయన ఇతరులకు రాసినవాటినీ, డబ్బు చెల్లించిన జాడనూ వెతకాలి. డికెన్స్ ఖాతా కూట్స్ బ్యాంకులో ఉండేది. బ్యాంకు ఖాతా పుస్తకంలో పేరు, తేదీ, మొత్తం మాత్రమే ఉంటాయి. అయినా ఆ పేరు పరికరాలు చేసే పనివాడిదైతే, ఆ కాలపు వ్యాపారుల డైరెక్టరీలో అతని చిరునామా దొరుకుతుంది.

ఏ రచయిత విషయంలోనైనా ఈ ప్రశ్న ముందుగా వేసుకోండి: ఆయన కాగితాల్లో ఏవి మిగిలాయి, ఏవి పోయాయి? పోయినవాటి కోసం వెతికే నెలలు మీకు ఆదా అవుతాయి.

4. ఇల్లు చెదిరిన రోజు

పాత వస్తువుల జాడ సాధారణంగా ఒకే మలుపులో తప్పిపోతుంది. యజమాని చనిపోయి, సామాను అమ్మకానికి వచ్చిన రోజది. డికెన్స్ 1870 జూన్ 9న గాడ్స్ హిల్‌లోనే కన్నుమూశాడు. చిత్రాలు, కళావస్తువులు ఆ జులైలో లండన్‌లో క్రిస్టీస్ వేలంలో అమ్ముడయ్యాయి. ఇంటి సామాను ఆగస్టులో గాడ్స్ హిల్‌లోనే వేలానికి వచ్చింది. ఇంటిని మాత్రం పెద్ద కొడుకు చార్లీ కొనుక్కొని, 1879 దాకా ఉంచుకున్నాడు.

ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. నేలకు కదలకుండా బిగించిన రాతి స్తంభం చట్టం దృష్టిలో ఇంటితోపాటే చేతులు మారే స్థిరభాగం కావచ్చు. విడిగా అమ్మితే అది వేలం జాబితాకు ఎక్కుతుంది. కాబట్టి ఏ రచయిత ఇంటి విషయంలోనైనా రెండు దారులనూ విడివిడిగా పరిశీలించాలి. ఒకటి సామాను వేలం జాబితా, రెండోది ఇంటి అమ్మకపు పత్రాలు.

వేలం జాబితా ఒక్క ప్రతి చూసి ఊరుకోవద్దు. అచ్చువేసిన జాబితాలో వస్తువు పేరు, లాట్ నంబరు (వేలంలో ఆ వస్తువుకు ఇచ్చిన వరస సంఖ్య) ఉంటాయే తప్ప ఎవరు కొన్నారో ఉండదు. వేలానికి వెళ్లినవాళ్లు పెన్సిలుతో అంచున ధర, కొన్నవారి పేరు రాసుకున్న ప్రతులే మనకు అసలైన సంపద. ఎన్ని ప్రతులు మిగిలి ఉంటే అన్నింటి అంచులూ చూడాలి, ఒకదాంట్లో ఖాళీగా ఉన్న గడి మరోదాంట్లో నిండి ఉండవచ్చు.

చూడవలసిన చోట్లు:

– లండన్‌లో 48, డౌటీ వీధిలో ఉన్న చార్లెస్ డికెన్స్ మ్యూజియం.
– స్ట్రూడ్‌లోని మెడ్‌వే ఆర్కైవ్స్ కేంద్రం, మెయిడ్‌స్టోన్‌లోని కెంట్ చరిత్ర గ్రంథాలయ కేంద్రం.
– వంతెన సంగతులకు రోచెస్టర్ బ్రిడ్జ్ ట్రస్టు పత్రాలు.
– 1870 ఆగస్టు, సెప్టెంబరు నాటి స్థానిక పత్రికలు. పేరున్న ఇంటి వేలాన్ని ఊరి పత్రిక వివరంగా రాయడం ఆనాటి ఆనవాయితీ.
– 1905 నుంచి వస్తున్న డికెన్సియన్ పత్రిక పాత సంచికలు. ఫలానా వస్తువు మా ఇంట్లో ఉందంటూ రాసినవారి లేఖలు ఇటువంటి పత్రికల్లోనే దొరుకుతాయి.

5. పటాలు, పాత ఫోటోలు

బ్రిటన్ సర్వే శాఖ మైలుకు 25 అంగుళాల కొలతతో గీసిన పాత పటాల్లో పెద్ద తోటల్లోని నీడ గడియారాలను పేరు రాసి చూపిన సందర్భాలు చాలా ఉన్నాయి. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం ఈ పటాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా చూపిస్తోంది. లండన్‌లో ఉన్నా, రాజమండ్రిలో ఉన్నా ఈ పని ఇంట్లో కూర్చునే చేయవచ్చు.

ఒక ముద్రణలో గుర్తు ఉండి తర్వాతిదాంట్లో లేకపోతే, ఆ రెండు సర్వేల మధ్య ఏళ్లలో వస్తువు కదిలి ఉండవచ్చు. గుర్తు లేనంత మాత్రాన వస్తువు లేదని మాత్రం అనుకోకూడదు.

ఫోటోలో అయితే మూడు విషయాలు చూడాలి. స్తంభం ఆకారం, స్తంభం మీద ఫలకం ఎంత వెడల్పున ఉంది, శంకువు ఉందా లేదా. పక్కన నిలబడ్డ మనిషి ఎత్తును కొలబద్దగా తీసుకొని స్తంభం ఎత్తును ఉజ్జాయింపుగా లెక్క కట్టవచ్చు.

6. కొన్నవారి నుంచి ముందుకు

కొన్నవారి పేరు దొరికితే పని సగం తేలికవుతుంది. వరసగా జనాభా లెక్కల్లో చిరునామా, మరణించిన ఏడు, వీలునామా, ఆ ఇంటి సామాను వేలం జాబితా చూడాలి. అక్కడ మళ్లీ ఒక కొత్త పేరు వస్తుంది. ఆ పేరుతో మళ్లీ మొదటి నుంచి ఇదే వరస.

రెండు పేర్ల మధ్య ఎడం వస్తే దాన్ని ఎడంగానే ఉంచండి. ‘బహుశా అల్లుడికి వెళ్లి ఉంటుంది’ అని రాసుకున్న ఊహ ఆరు నెలల తర్వాత మీ కళ్లకే రుజువులా కనబడుతుంది. ఊహలను వేరే రంగు సిరాతో రాయడం మంచి అలవాటు.

ఇదే సమయంలో బ్రిటిష్ సన్‌డయల్ సొసైటీని సంప్రదించాలి. 1989లో మొదలైన ఈ సంస్థ బ్రిటన్‌లోని నీడ గడియారాల రిజిస్టర్ నిర్వహిస్తోంది. వస్తువు అట్లాంటిక్ దాటిందన్న అనుమానం ఉంటే ఉత్తర అమెరికా సన్‌డయల్ సొసైటీకి రాయాలి. దొంగతనం జరిగిందని తెలిస్తే లండన్‌లోని ఆర్ట్ లాస్ రిజిస్టర్‌లో వెతికించాలి.

7. ఫలకం ఎదురుపడినప్పుడు

అన్నింటికన్నా ఓపిక కావలసిన ఘట్టం ఇది. ఎవరో ఒక ఫలకాన్ని మీ ముందు పెట్టి ఇదే ఆ రచయితది అంటారు. అప్పుడు మొదట చేయవలసిన పని చేతులు వెనక్కి పెట్టుకోవడం. తోమవద్దు, చింతపండు పెట్టవద్దు, పాలిష్ పూయవద్దు. పచ్చగా, నల్లగా పట్టిన పొరలోనే దాని వయసు, అది ఎంతకాలం ఎండావానల్లో ఉందన్న సంగతి దాగి ఉంటాయి.

గది చీకటి చేసి, టార్చిలైటును ఫలకానికి ఇంచుమించు సమాంతరంగా, అంచు దగ్గర నుంచి వేయండి. పైనుంచి చూస్తే నున్నగా కనబడిన ఇత్తడి మీద అరిగిపోయిన అక్షరాలు, చెరిపేసిన పేరు, పాత మేకుల గుర్తులు నీడలుగా పైకి తేలతాయి. టార్చిని గడియారపు ముల్లులా నెమ్మదిగా చుట్టూ తిప్పుతూ ప్రతి దిక్కు నుంచీ ఫోటో తీయాలి. ఒక దిక్కు వెలుగులో కనబడని గీత ఇంకో దిక్కు వెలుగులో కనబడుతుంది.

ఆ తర్వాత కోణాలు. నేల మీద అడ్డంగా పరిచే నీడ గడియారాన్ని ఒక అక్షాంశానికి లెక్క కట్టి చేస్తారు. శంకువు వాలు ఆ ఊరి అక్షాంశానికి సమానంగా ఉండాలి, గంట గీతల మధ్య ఎడమూ దాన్ని బట్టే మారుతుంది. గాడ్స్ హిల్ అక్షాంశం సుమారు 51.4 డిగ్రీలు. మన అన్నవరం కొండ మీది నీడ గడియారం చూసినవారు అక్కడి అక్షాంశం సుమారు 17.3 డిగ్రీలని గుర్తు తెచ్చుకుంటే తేడా కళ్లకు కడుతుంది.

సూత్రం ఇది: అక్షాంశపు సైన్ విలువను, మధ్యాహ్నం నుంచి గడిచిన గంటలను 15తో గుణించగా వచ్చే కోణపు టాంజెంట్ విలువతో గుణించాలి. వచ్చినది గంట గీత మధ్యాహ్న రేఖతో, అంటే పన్నెండు గంటల గీతతో, చేసే కోణపు టాంజెంట్. గాడ్స్ హిల్ కోసం లెక్క కడితే ఇలా వస్తుంది:

– ఒంటి గంట గీత: 11.8 డిగ్రీలు
– రెండు గంటల గీత: 24.3 డిగ్రీలు
– మూడు గంటల గీత: 38.0 డిగ్రీలు
– నాలుగు గంటల గీత: 53.5 డిగ్రీలు
– అయిదు గంటల గీత: 71.1 డిగ్రీలు

అన్నవరం అక్షాంశానికి చేసిన అడ్డు ఫలకంలో మూడు గంటల గీత 16.6 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఎడిన్‌బరో కోసం చేసినదైతే 39.6 దగ్గర ఉంటుంది. లండన్, గాడ్స్ హిల్ మధ్య తేడా మాత్రం కొలతకు అందనంత చిన్నది. కాబట్టి ఈ పరీక్ష తప్పుడు ఫలకాన్ని పక్కకు నెట్టగలదు, నిజమైనదాన్ని నిరూపించలేదు. వస్తువు మీద మమకారం పెరిగిపోయాక ఈ తేడాను మరచిపోవడం చాలా సులువు, అందుకే నొక్కి చెబుతున్నాను.

కొలిచేటప్పుడు శంకువు వాలును నమ్మవద్దు. అది వంగుతుంది, విరుగుతుంది, తర్వాతివాళ్లు కొత్తది అతికిస్తారు. ఫలకం మీద చెక్కిన గీతలు వంగవు. ఫలకానికి నిటారుగా పైనుంచి ఫోటో తీసి, అచ్చు కాగితం మీద కోణమానినితో కొలవండి. శంకువు మందంగా ఉంటే ఉదయపు గీతలు దాని ఒక అంచు నుంచి, మధ్యాహ్నం తర్వాతి గీతలు రెండో అంచు నుంచి బయలుదేరతాయి. ఆ రెండింటి మధ్య, పన్నెండు దగ్గర, శంకువు మందమంత ఖాళీ వదిలి ఉండాలి. ఖాళీ, మందం ఒకటి కాకపోతే శంకువు తర్వాత వచ్చింది, లేదా ఫలకమంతా అలంకారం కోసం పోతపోసిన నకలు.

నకళ్ల సంగతి గట్టిగా పట్టించుకోవాలి. పదిహేడో శతాబ్దపు తేదీ, ఒక సూక్తి వేసి, తోట అందం కోసం చేసిన ఫలకాలు పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి బాగా తయారయ్యాయి. అసలైన పనితనంలో అక్షరాలు ఉలితో లోపలికి చెక్కి ఉంటాయి, పోతపోసిన నకలులో తరచుగా పైకి ఉబ్బి ఉంటాయి. నకలు మీది గీతలు చాలాసార్లు ఏ అక్షాంశానికీ సరిపడవు. రచయిత పేరు ఫలకం మీదే చెక్కి ఉంటే సంతోషపడే ముందు అనుమానపడండి. సొంత తోటలో పెట్టుకునే వస్తువు మీద ఎవరైనా తన పేరెందుకు చెక్కించుకుంటారు?

8. రాయిని పోల్చడం

డికెన్స్ ఉదాహరణలో మనకొక గొప్ప వెసులుబాటు ఉంది. పాత వంతెన పిట్టగోడ రాళ్లు కొన్నింటిని రోచెస్టర్‌లో నది ఒడ్డున ఎస్ప్లనేడ్ అనే నడకదారి వెంబడి మళ్లీ నిలబెట్టారు. లండన్ పరిసరాల్లో ఉన్న మన తెలుగువారు రైలెక్కి వెళ్లి ఒక రోజులో కొలిచి రావచ్చు. ఎత్తు, మెడ చుట్టుకొలత, మధ్య ఉబ్బు, పై పలక వెడల్పు రాసుకొని అనుమానిత స్తంభంతో పోల్చండి. డికెన్స్ రాయిని శిల్పి మళ్లీ చెక్కాడు కాబట్టి పై భాగం, అడుగు భాగం తేడాగా ఉండడం సహజం.

అయితే వంతెనకు అటువంటి కాళ్లు ఎన్నో ఉండేవి. కొలతలు కుదిరితే రాయి ఆ వంతెనదని తేలుతుంది, డికెన్స్ తోటలో నిలిచిందే ఇదని తేలదు. దానికి నాలుగో, ఆరో అంచెల్లో చెప్పిన కాగితం కావాలి.

రాయిని, ఫలకాన్ని కలిపే ఆధారం మరొకటి ఉంది. స్తంభం తల మీద ఫలకాన్ని బిగించిన రంధ్రాలు, వాటిలో మిగిలిన సీసం చూడండి. పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది రంధ్రాల నమూనా తీసుకోండి. ఫలకం అడుగున ఉన్న కాళ్ల మధ్య దూరంతో అది కుదిరితే రెండూ ఒకప్పుడు కలిసి ఉన్నాయనడానికి బలమైన సాక్ష్యం. రెండు జతల రంధ్రాలుంటే ఫలకం ఒకసారి మారింది.

9. తరచుగా జరిగే తప్పులు, సరిదిద్దే దారి

– కుటుంబంలో చెప్పుకునే కథను రుజువుగా తీసుకోవడం. చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ, వారికి ఎవరు చెప్పారో రాసుకోండి. అది వెతుకులాటకు దారి చూపే గుర్తుగా మాత్రమే పనికొస్తుంది.
– ఒకే మాటను పది పుస్తకాలు రాశాయి కాబట్టి పది సాక్ష్యాలనుకోవడం. మొదట రాసినది ఏదో పట్టుకోండి, మిగతా తొమ్మిది దాన్నే ఎత్తిరాసి ఉండవచ్చు.
– యజమానికి మొదటి ఉత్తరంలోనే ఇది మీ సొత్తు కాదన్నట్టు రాయడం. తలుపు మూసుకుపోతుంది. ఫోటోలు, కొలతలు మాత్రమే అడగండి, చిరునామా బయటపెట్టనని మాట ఇవ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.
– ధర గురించి ముందే మాట్లాడటం. రచయిత పేరు వినగానే ధర పెరుగుతుంది, ధర పెరిగాక కథలూ పెరుగుతాయి.

10. చట్టం సంగతి

వస్తువు దొంగిలించినదని తేలితే మీరే బేరానికి దిగవద్దు. పోలీసులకు, అసలు యజమానికి తెలియజేసి న్యాయవాది సలహా తీసుకోండి. ఇంగ్లండు, వేల్స్‌లలో దావా వేయడానికి గడువు పెట్టే 1980 నాటి పరిమితి చట్టం ఉంది. తెలియక నిజాయితీగా కొన్నవారి విషయంలో ఆరేళ్ల గడువు లెక్కకు వస్తుంది, దొంగకు ఆ గడువు రక్షణ ఇవ్వదు. 50 ఏళ్లు దాటిన సాంస్కృతిక వస్తువును బ్రిటన్ దాటించాలంటే విలువను బట్టి ఎగుమతి అనుమతి అవసరం కావచ్చు.

మన దేశంలో దొరికిన వస్తువు అయితే 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. నూరేళ్లు దాటిన పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడానికి వీల్లేదు. విదేశంలో ఉన్న బంధువులకు ఫోటో పంపండి, వస్తువును కాదు.

11. నివేదిక రాయడం

చివరగా నాలుగైదు పేజీల నివేదిక రాయండి. వస్తువు వివరాలకు అంతర్జాతీయ మ్యూజియం మండలి ప్రచారం చేస్తున్న ఆబ్జెక్ట్ ఐడీ పద్ధతి అనుకూలం. రకం, పదార్థం, కొలతలు, రాతలు, ప్రత్యేక గుర్తులు, విషయం, కాలం, చేసినవారు అన్న వరసలో నింపితే పోలీసులకూ, మ్యూజియాలకూ ఒకేలా అర్థమవుతుంది.

రాయి, ఫలకం, శంకువు మూడింటికీ విడివిడిగా ఈ ప్రశ్నలకు జవాబులు ఉన్నాయో లేదో చూసుకోండి:

– రచయిత దగ్గర ఉందని ఆ కాలపు కాగితం ఏం చెబుతోంది?
– రచయిత చేతి నుంచి ఎవరి చేతికి, ఏ తేదీన వెళ్లింది?
– ఏ ఏళ్ల మధ్య ఎడం మిగిలింది?
– ఇప్పటి వస్తువు కొలతలు పాత వర్ణనకు, ఫోటోకు ఎక్కడ కుదిరాయి, ఎక్కడ కుదరలేదు?

తీర్పును నాలుగు మాటల్లో ఒకదానితో చెప్పండి: రుజువైంది, చాలావరకు నిజం, సాధ్యమే, కాదు. ఒకే గడియారానికి రాయి దగ్గర ‘రుజువైంది’, ఫలకం దగ్గర ‘సాధ్యమే’, శంకువు దగ్గర ‘కాదు’ అని రాయవలసి వస్తే అలాగే రాయండి. ఒక ప్రతిని రచయిత మ్యూజియానికి, ఒకటి నీడ గడియారాల సంఘానికి, ఒకటి వస్తువు యజమానికి పంపి, మిగిలిన ఎడమెక్కడుందో మొదటి పేజీలోనే చెప్పండి. ఆ ఎడాన్ని పూరించగల పెన్సిలు రాత ఉన్న వేలం జాబితా మరెవరి బీరువాలోనో ఉండి ఉండవచ్చు, వారికి ఏం వెతకాలో మీ నివేదిక చెప్పాలి.